శంషాబాద్‌లో ఎన్ని అంతస్తులు కట్టొచ్చో అమ్మకాలకు ముందే చెప్పండి

హెచ్‌ఎండీఏ కమిషనర్ గారికి, గ్రేటర్ టౌన్ ప్లానింగ్ అధికారులకు,

నమస్కారం.

శంషాబాద్ అనగానే అందరికీ ఎయిర్‌పోర్టే గుర్తొస్తుంది. దాని పక్కనే ఒక ఊరుందనీ, అందులో జనం కాపురాలు చేస్తున్నారనీ చాలామందికి తట్టదు. మేం ఆ ఊరి వాళ్లం. ఈ ఉత్తరంలో మేం అడిగేది ఒక్కటే. ఊళ్లోనూ చుట్టుపక్కలా ఏ సర్వే నంబరులో ఎంత ఎత్తు వరకు కట్టొచ్చో, అక్కడ ఫ్లాట్లు అమ్మడం మొదలుపెట్టకముందే, మామూలు మనిషికి అర్థమయ్యే తెలుగులో బయటపెట్టండి. ఆ ఎత్తును బట్టి ఊరికి ప్లాన్ వేయండి.

ఇప్పుడే ఎందుకు అడుగుతున్నామంటే, ఇన్నాళ్లూ మా వైపు చూడని రియల్ ఎస్టేట్ వాళ్లు ఇప్పుడు చూస్తున్నారు. 2008 మార్చిలో బేగంపేట నుంచి విమానాలు ఇటు మారినప్పుడు, ఇక ఊరి దశ తిరుగుతుందన్నారు. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. 2009లో మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పీవీ ఎక్స్‌ప్రెస్‌వే వచ్చింది. రోడ్లన్నీ మా ఊరి పక్క నుంచి, పై నుంచి ఎయిర్‌పోర్టుకు పోయాయి తప్ప ఊళ్లోకి ఏమీ రాలేదు. అదే ఔటర్ మీద కాస్త దూరం పోతే కోకాపేట. అక్కడ 2023 ఆగస్టు వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. యాభై అంతస్తులకు అటూ ఇటూగా టవర్లు లేచాయి. ఇక్కడ మాత్రం స్టిల్ట్ మీద ఐదంతస్తులు కడితే ఇప్పటికీ పెద్ద బిల్డింగే.

ఎయిర్‌పోర్టు కట్టే రోజుల్లో ఈ ప్రాంతం కోసమే ప్రత్యేకంగా హాడా అనే సంస్థ ఉండేది. విమానాశ్రయం చుట్టూ ఊళ్లు ఎలా పెరగాలో చూడటమే దాని పని. 2008లో దాన్ని హెచ్‌ఎండీఏలో కలిపేశారు. శంషాబాద్ పంచాయతీ తర్వాత మున్సిపాలిటీ అయింది, 2025 డిసెంబరులో గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్‌లో కలిసింది. బోర్డులు మారిన ప్రతిసారీ ఫైళ్లు ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు వెళ్లాయి. మా ప్రశ్న మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

ఇప్పుడు మళ్లీ బ్రోచర్లు పంచుతున్నారు. ఆ మధ్య మా కాలనీలో ఒకాయన ప్రీ-లాంచ్ ఆఫర్ అని ఒక బ్రోచర్ తెచ్చి చూపించారు. ముప్పై చిల్లర అంతస్తుల టవర్ బొమ్మ, పక్కనే ఈత కొలను. రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ ఇచ్చే రెరా నంబరు లేదు. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఎన్‌వోసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం అంటూ జత చేసిన ఒక కాగితంలో ఎత్తు ఆరు వందల అరవై చిల్లర మీటర్లని ఉంది. "చూశారా, ఆరు వందల మీటర్లకు పర్మిషన్ ఉంది, మేం కట్టేది వందే" అని ఏజెంటు చెప్పాడట. ఆయన నమ్మారు. ఆయన స్థానంలో ఎవరున్నా నమ్ముతారు. కానీ ఆ అంకె బిల్డింగ్ ఎత్తు కాదు, సముద్ర మట్టం నుంచి లెక్క. మన నేలే సముద్ర మట్టానికి ఆరు వందల మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంది. రెంటికీ తేడా తీస్తే మిగిలేదే బిల్డింగుకు దక్కే ఎత్తు. ఆ తీసివేత చేసి చూపించేవాళ్లు లేక మనుషులు జీవితకాలం దాచుకున్నది తీసుకెళ్లి ఇస్తున్నారు.

ఈ లెక్క మీకు తెలియంది కాదు. ఉత్తరం చదివే మా ఊరి వాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నాను. రాజీవ్ గాంధీ ఎయిర్‌పోర్టు సముద్ర మట్టానికి సుమారు 617 మీటర్ల ఎత్తున ఉంది. విమానాశ్రయాల చుట్టూ ఎత్తులకు అంతర్జాతీయంగా ఒక పద్ధతి ఉంది, మన దేశంలోనూ అదే పాటిస్తారు. విమానాశ్రయం మధ్య బిందువు నుంచి 4 కిలోమీటర్ల లోపు ఎయిర్‌పోర్టు మట్టానికి 45 మీటర్లకు మించి ఏదీ లేవకూడదు. అంటే స్థూలంగా 662 మీటర్లు. ఆ గీత దాటాక ప్రతి 20 మీటర్ల దూరానికి ఒక మీటరు చొప్పున ఎత్తు పెరుగుతూ, ఆరు కిలోమీటర్ల దగ్గర 145 మీటర్లకు చేరుతుంది. ఆ తర్వాత 15 కిలోమీటర్ల దాకా సుమారు 150 మీటర్లు. ఇది గరిష్ఠ పరిమితి, అంటే పైకప్పు మాత్రమే. రాడార్లు, విమానాలకు దారి చూపే పరికరాలు ఉన్న చోట ఇంకా తగ్గొచ్చు.

మా ఊరు ఆ 4 కిలోమీటర్ల గీతకు అటూ ఇటూ పరుచుకుని ఉంది. రాళ్లగూడ వైపు గీత లోపల, బస్టాండు దాటి సిటీ వైపు పోతే బయట. పైగా మా నేల చదునుగా ఉండదు. ఒకచోట బండరాళ్ల గుట్ట, పక్కనే చెరువు దిగువ పొలం. గీత లోపలే రెండు స్థలాలున్నాయనుకోండి. ఒకటి 600 మీటర్ల మట్టంలో ఉంటే 62 మీటర్లు దొరుకుతాయి, సుమారు ఇరవై అంతస్తులు. ఇంకోటి గుట్ట మీద 625 మీటర్ల దగ్గర ఉంటే 37 మీటర్లే, పన్నెండు అంతస్తులు దాటవు. అదీ లిఫ్టు రూము, వాటర్ ట్యాంకు, పైన పెట్టే యాంటెన్నా అన్నీ కలుపుకుని. గుట్ట మీద స్థలం వ్యూ బాగుంటుందని గజానికి ఎక్కువ పెట్టి కొంటారు. తీరా చూస్తే అక్కడే తక్కువ కట్టగలం.

ముచ్చింతల్‌లో రామానుజాచార్యుల విగ్రహం పీఠంతో కలిపి 216 అడుగులు, అంటే 66 మీటర్లు. హైవే మీద పోయేవాళ్లు ఆ ఎత్తుకు ఆగి చూస్తారు. పైన చెప్పిన 600 మీటర్ల స్థలంలో అంత ఎత్తు కూడా కుదరదు. అలాంటిది ముప్పై చిల్లర అంతస్తులు ఎలా కుదురుతాయో ఆ బ్రోచర్ వేసినవాళ్లే చెప్పాలి.

రన్‌వేలు తూర్పు–పడమరలుగా ఉన్నాయి కాబట్టి ఆ రెండు వైపులా ఆంక్షలు ఇంకా గట్టివి. విమానం దిగే దారి కింద మొదటి మూడు కిలోమీటర్లలో 50 మీటర్ల దూరానికి ఒక్క మీటరు చొప్పునే ఎత్తు పెరుగుతుంది. అక్కడ భూమి ఉన్న రైతుకు ఈ సంగతి ఎవరైనా కూర్చోబెట్టి చెప్పారా? మాకు తెలిసినంతలో లేదు. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ రంగుల మ్యాపు ఒకటి తయారు చేస్తుంది, ఏ రంగు గడిలో ఎంత ఎత్తు అన్నది అందులో ఉంటుంది. 2015 నాటి కేంద్ర నిబంధనలు ఆ మ్యాపు ప్రకారమే పర్మిషన్లు ఇవ్వాలని మీలాంటి సంస్థలకు చెప్పాయి. మ్యాపు మీ చేతిలో ఉంది. అందులో అక్షాంశాలు, రేఖాంశాలు ఉంటాయి, మా పాస్‌బుక్కుల్లో సర్వే నంబర్లు ఉంటాయి. ఈ రెంటినీ కలిపి ఒక్క పట్టికగా వేయడానికి కొత్త చట్టమేదీ అక్కర్లేదు.

ఇది వేయకపోతే ఏమవుతుందో ముంబైలో చూశాం. అక్కడి ఎయిర్‌పోర్టు చుట్టూ ఎత్తు దాటి కట్టిన 48 భవనాల పై భాగాలు తొలగించాలని 2022 జులైలో బాంబే హైకోర్టు ఆదేశించింది. డబ్బు కట్టి పై అంతస్తుల్లో చేరినవాళ్ల పరిస్థితి ఒక్కసారి ఆలోచించండి. 2025 జూన్‌లో కేంద్రం కూడా ఎయిర్‌పోర్టుల దగ్గర అడ్డంకిగా ఉన్న కట్టడాల ఎత్తు తగ్గించడం, తొలగించడం మీద కొత్త ముసాయిదా నిబంధనలు విడుదల చేసింది. అంటే రేపు ఈ విషయంలో చూసీచూడనట్టు పోయే రోజులు కావు. పైగా బిల్డింగులకు ఇచ్చే ఎన్‌వోసీ గడువు ఎనిమిదేళ్లు. ప్రీ-లాంచ్‌లో డబ్బు తీసుకుని, భూమి గొడవల్లో ఏళ్లు గడిపి, ఆ తర్వాత పునాది తవ్వేవాళ్లకు ఆ గడువు చాలుతుందో లేదో కొనేవాడికి ఎవరు చెప్తారు?

ఎత్తుకు ఆకాశం ఒక్కటే అడ్డం కాదు, రోడ్డు కూడా. 2006లో జీవో 86 వచ్చాక హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐకి, అంటే స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న లెక్కకు, పరిమితి లేకుండా పోయింది. స్థలం ముందు రోడ్డు ఎంత వెడల్పు, చుట్టూ ఎంత ఖాళీ వదులుతారు అన్నదే లెక్క. 2012 నాటి జీవో 168 ప్రకారం 50 మీటర్లు దాటి కట్టాలంటే ముందు వంద అడుగుల రోడ్డు ఉండాలి, చుట్టూ 16 మీటర్లు వదలాలి. మా పాత ఊళ్లో రెండు ఆటోలు ఎదురైతే ఒకటి వెనక్కి తీయాల్సిన సందులున్నాయి. హైవే పక్క స్థలాలు పెద్ద కంపెనీలవి, గోదాములవి. అందుకే ఇక్కడ టవర్లు వస్తే ఊరి మధ్య రావు, ఊరి బయట గేటు పెట్టుకుని వస్తాయి. వాళ్ల మురుగు నీళ్లు, వాళ్ల ట్యాంకర్లు మాత్రం మా రోడ్ల మీద నుంచే పోతాయి.

పడమర వైపు ఇంకో చిక్కుంది, జీవో 111. 1996లో హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ చుట్టూ 84 ఊళ్లలో నిర్మాణాల మీద ఆంక్షలు పెట్టారు. మా మండలం ఊళ్లు కూడా అందులో ఉన్నాయి. ఆ జీవోకు సుప్రీంకోర్టులో బలం వచ్చింది మా మండలంలోని పెద్దషాపూర్ దగ్గర ఒక నూనెల ఫ్యాక్టరీ కేసులోనే. కాలుష్య నియంత్రణ మండలి వేసిన ఆ కేసులో 2000 డిసెంబరులో కోర్టు, తాగునీటి చెరువుల దగ్గర ప్రభుత్వం ఆ ఫ్యాక్టరీకి ఇచ్చినలాంటి మినహాయింపులు కుదరవని తేల్చింది. ఆ తర్వాత 2022లో ఆ ఆంక్షలను సడలిస్తూ జీవో 69, 2023 మేలో జీవో 111ను పూర్తిగా ఎత్తేస్తామన్న కేబినెట్ నిర్ణయం. మా ఊళ్లో ఇప్పుడు ఎవరిని అడిగినా "ఎత్తేశారు" అనేవాళ్లు సగం, "ఇంకా ఉంది" అనేవాళ్లు సగం. ఈ గందరగోళంలోనే భూములు చేతులు మారుతున్నాయి. నా అభిప్రాయం అడిగితే, హిమాయత్‌సాగర్‌లోకి నీళ్లు పారే నేల మీద టవర్లు వద్దు. ఆ జలాశయం 1908 మూసీ వరద తర్వాత ఈ నగరాన్ని కాపాడటానికి కట్టింది. కానీ నా అభిప్రాయం కన్నా ముఖ్యం మీరు ఏదో ఒకటి స్పష్టంగా చెప్పడం.

నీళ్ల విషయంలో మాది ఊరికే భయం కాదు. 2020 అక్టోబరు వానకు గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు కట్ట తెగింది. బెంగళూరు హైవే కోసుకుపోయింది. కార్లు కొట్టుకుపోయాయి, మనుషులు చనిపోయారు. రోజూ ఎయిర్‌పోర్టుకు వేలమంది పోయే రోడ్డు అది. కట్ట తెగడానికి వాన ఒక్కటే కారణం కాదు, చెరువు కుంచించుకుపోవడం కూడా. నాలుగేళ్ల తర్వాత, 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చి అక్కడి ఆక్రమణలు కూల్చింది. కూల్చడం మంచిదే. కానీ ఆ షెడ్లు లేచేటప్పుడు ఎవరూ ఎందుకు ఆపలేదన్న ప్రశ్న మాకు ఇంకా ఉంది. రేపు చెరువు కింద ఇరవై అంతస్తులు లేచాక హైడ్రా కూడా ఏమీ చేయలేదు. కాబట్టి చెరువుల హద్దులు, నాలాల దారి, మురుగు లైను, ఈ మూడూ తేలాకే పెద్ద బిల్డింగుకు ఫైలు కదలాలి. ఇప్పటికీ మా కాలనీల్లో సెప్టిక్ ట్యాంకులే ఉన్నాయి, అవి నిండితే ట్యాంకరు వాడికి ఫోను చేయాల్సిందే.

ఇన్ని అడ్డంకులు చెప్తున్నాడు కాబట్టి వీడు ఎత్తైన బిల్డింగులే వద్దంటున్నాడని అనుకోకండి. మాకు అంతస్తులు కావాలి. గట్టిగా కావాలి. ఎందుకో ఒకసారి రాత్రి పదకొండింటికి మా బస్టాండు దగ్గరకొచ్చి నిలబడితే మీకే తెలుస్తుంది. మెడలో పాసు వేలాడదీసుకుని డ్యూటీకి పోయేవాళ్లు ఒక వైపు, దిగి వచ్చేవాళ్లు ఇంకో వైపు. కార్గోలో లోడింగ్ చేసేవాళ్లు, హౌస్‌కీపింగ్ ఆడవాళ్లు, గ్రౌండ్ స్టాఫ్ పిల్లలు, క్యాబ్ డ్రైవర్లు. ఒకే గదిని ముగ్గురు నలుగురు తీసుకుంటారు. ఒకడు డ్యూటీ నుంచి వచ్చి పడుకునే వేళకు ఇంకొకడు లేచి వెళ్తాడు, పరుపు మాత్రం అక్కడే ఉంటుంది. పగలు నిద్రపోయేవాడికి కిటికీ మీద దుప్పటి కట్టుకోవడమే దిక్కు. పెళ్లయితే సిటీ వైపు పోతారు, లేదా షాద్‌నగర్ దాకా పోయి అక్కడి నుంచి రోజూ తిరుగుతారు. ఎయిర్‌పోర్టు కోటి ఇరవై లక్షల మంది ప్రయాణికుల సామర్థ్యంతో మొదలై మూడు కోట్ల నలభై లక్షలకు పెరిగింది. ఆ ప్రయాణికుల బ్యాగులు మోసేవాళ్లకు ఊళ్లో ఇళ్లు పెరగలేదు.

వీళ్లకు కావాల్సింది ముప్పై చిల్లర అంతస్తుల మూడు వేల చదరపు అడుగుల ఫ్లాటు కాదు. ఎనిమిది నుంచి పన్నెండు అంతస్తుల మధ్య, చిన్న చిన్న ఫ్లాట్లు, అద్దె ఇళ్లు, వర్కింగ్ విమెన్ హాస్టళ్లు. ఈ ఎత్తు మా ఊళ్లో చాలా చోట్ల పైకప్పు లోపలే పట్టేస్తుంది. అరవై అడుగుల, ఎనభై అడుగుల రోడ్డుతో సరిపోతుంది. గోడలకు, కిటికీలకు శబ్దం ఆపే ఏర్పాటు తప్పనిసరి చేయండి, ఎందుకంటే ఇక్కడ అర్ధరాత్రి విమానాల రాకపోకలు మామూలు. ఆకాశం ఇచ్చిన పరిమితిని శిక్షలా చూడకుండా, దానికి తగ్గ ఊరిని కడితే, హైదరాబాద్‌లో ఇంకెక్కడా లేని మంచి మధ్యతరగతి టౌన్ ఇక్కడ వస్తుందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

దానికి చోటు కూడా ఉంది. ఉందానగర్ స్టేషన్. 2023 ఏప్రిల్ నుంచి ఎంఎంటీఎస్ లోకల్ ట్రైను ఫలక్‌నుమా దాటి అక్కడిదాకా వస్తోంది. స్టేషన్ నుంచి నడిచిపోయేంత దూరంలో ఈ పది, పన్నెండు అంతస్తులు రానివ్వండి, రోడ్లు వెడల్పు చేయండి, స్టేషన్ నుంచి ఎయిర్‌పోర్టుకు షిఫ్టుల వేళకు సిటీ బస్సు వేయించండి. ట్రైను పట్టాలు ఎయిర్‌పోర్టు దాకా పోతాయని ఎప్పటినుంచో విన్నాం, పోలేదు. మెట్రో సంగతీ అంతే. 2022 డిసెంబరులో రాయదుర్గం నుంచి శంకుస్థాపన జరిగింది, తర్వాత ఆ రూటు పోయి నాగోల్ నుంచి ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట మీదుగా 36.8 కిలోమీటర్ల కారిడార్ ముందుకొచ్చింది. ఏ రూటైనా మాకు అభ్యంతరం లేదు. బ్రోచర్లలో మెట్రో స్టేషన్ బొమ్మ వేసి రేటు పెంచేవాళ్లకు మాత్రం అడ్డుకట్ట వేయండి. పట్టాలు పడ్డాక వచ్చే స్టేషన్ వేరు, కాగితం మీది స్టేషన్ వేరు.

రైతుల మాట కూడా చెప్పాలి. ఎయిర్‌పోర్టుకు భూములిచ్చిన ఊళ్లు మా చుట్టుపక్కలే ఉన్నాయి. మిగిలిన భూమికైనా మంచి ధర వస్తుందని వాళ్లు ఆశపడుతున్నారు, అందులో తప్పేముంది? ఎత్తుల పట్టిక బయటపెడితే కొన్ని సర్వే నంబర్ల ధర పడిపోతుందని ఒక పెద్దాయన నాతో వాదించారు. నిజమే, పడొచ్చు. కానీ ఇప్పుడున్నది, లేని ఎత్తును ఉందనుకుని కట్టిన ధర. అది ఏదో ఒకరోజు ఎవరో ఒకరి నెత్తిన కూలుతుంది. రన్‌వే దారి కింద భూమి ఉన్నవాళ్లకు, చెరువు కింద భూమి ఉన్నవాళ్లకు టీడీఆర్, అంటే తమ స్థలంలో కట్టుకోలేని హక్కును ఇంకోచోటికి మార్చుకునే పత్రం, ఇవ్వండి. రోడ్డు వెడల్పులకు, చెరువులకు ఇప్పటికే ఇస్తున్నారు కదా. ఆ హక్కును స్టేషన్ చుట్టుపక్కల వాడుకోనిస్తే రైతు నష్టపోడు, ఊరూ నిలుస్తుంది.

ముందుగా చేయగలిగింది ఇది. పట్టిక తయారు చేసి మీ వెబ్‌సైట్‌లోనూ, మా వార్డు ఆఫీసు గోడ మీదా పెట్టండి. సర్వే నంబరు, నేల మట్టం, అనుమతించే ఎత్తు, దానికి సుమారుగా ఎన్ని అంతస్తులు, జీవో 111 పరిధిలో ఉందా లేదా, ఇంతే. అమ్మకానికి పెట్టే ప్రతి ప్రాజెక్టు బోర్డు మీద సముద్ర మట్టం లెక్కతో పాటు నేల నుంచి ఎన్ని మీటర్లో కూడా రాయించండి. రెరా నంబరు లేకుండా అడ్వాన్సు తీసుకునేవాళ్ల మీద కేసు పెట్టే అధికారి ఎవరో, ఆయన ఫోన్ నంబరుతో సహా అక్కడే రాయండి. ఆ తర్వాత ఊళ్లో ఒక మీటింగ్ పెట్టండి. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ వాళ్లను కూడా పిలవండి. పగలు ఒకటి, రాత్రి తొమ్మిది తర్వాత ఒకటి పెడితే షిఫ్టుల్లో పనిచేసేవాళ్లూ వస్తారు. హాలు, మైకు, కుర్చీలు మా కాలనీ వాళ్లం చూసుకుంటాం. తేదీ మీరు చెప్పండి.

ఇట్లు,
శంషాబాద్ కాలనీవాసుల తరఫున ఒకరు